ఎర్తు తెగినా దీపం వెలుగుతుంది

ఫ్యూజు పోతే ఊరంతటికీ తెలుస్తుంది. ఒక ఫేజు పోతే పొలంలో మోటారు మూలుగుతుంది. న్యూట్రల్ తెగితే ఒక ఇంట్లో బల్బు మిణుకుమంటుంది, పక్కింట్లో టీవీ కాలిపోతుంది, లైన్‌మన్ ఫోను ఆగకుండా మోగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తు తీగ తెగితే మాత్రం ఏమీ జరగదు. దీపాలు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, బోర్లు నీళ్లు పోస్తాయి, ఫిర్యాదు చేయాలని ఎవరికీ తోచదు. కొన్ని నెలల తర్వాత, తొలకరి వానకు నేల తడిసిన రోజున, దిమ్మె పక్కన గడ్డి మేస్తున్న ఎద్దు ఉన్నట్టుండి కూలిపోతుంది. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త వస్తుంది.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం దాకా ఉన్న అడవి అంచు పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్ల ఎర్తింగ్ సంగతి ఎలా ఉందో, ఎలా ఉండాలో ఒకచోట చేర్చి చూడడం ఈ వ్యాసం పని. ప్రమాణాలకు కొదవ లేదు. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 3043 పేరుతో ఎర్తింగ్ నియమావళిని 1966లో ఇచ్చింది, 1987లోనూ 2018లోనూ సవరించింది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చి, 2023లో వాటిని తిరగరాసింది. అన్నిటి సారం ఒకటే: ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండాలి, లోహపు బాడీకి మరో రెండు ఉండాలి. రెండెందుకంటే ఒకటి ఎప్పుడో ఒకప్పుడు తెగుతుందని నియమం రాసినవాళ్లకు తెలుసు కనుక.

1969లో ఏర్పడ్డ గ్రామీణ విద్యుదీకరణ సంస్థ, అంటే ఆర్‌ఈసీ, ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు గీసిన నమూనాలో ఇది ఇంకా వివరంగా ఉంది. రెండు స్తంభాల గద్దె చుట్టూ త్రికోణంలో మూడు ఎర్తు పిట్‌లు, ఒకదానికొకటి 6 మీటర్ల దూరం. ఒక పిట్ పిడుగు తీగలది, అంటే 11 కేవీ వైపు ఉండే మూడు లైట్నింగ్ అరెస్టర్లది. మిగతా రెండింటిలో ఒక్కోదానికి న్యూట్రల్ నుంచి ఒక తీగ, ట్యాంకు బాడీ, ఏబీ స్విచ్ హ్యాండిల్ నుంచి ఒక తీగ, స్తంభాల నుంచి ఒక తీగ విడివిడిగా దిగాలి. తీగ 4 నంబరు జీఐ వైరు, సుమారు 6 మిల్లీమీటర్ల లావు. పిట్‌లో రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు.

కాగితం మీద ఇందులో లోపమేమీ లేదు. చిక్కంతా 6 మీటర్ల దగ్గర మొదలవుతుంది. అడవి అంచున ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేది ఎవరో ఒక రైతు చేను గట్టు మీద. స్తంభాలు నిలబడే జాగా ఇవ్వడానికే ఆయన కాస్త గొణుగుతాడు. త్రికోణం పూర్తిగా గీస్తే మూడో పిట్ నడి చేలోకి వస్తుంది. దాంతో మూడు పిట్‌లూ స్తంభాల కాళ్ల దగ్గరికి ముడుచుకుపోతాయి. పైపులు దగ్గర దగ్గరగా ఉంటే ఒకే మట్టిని పంచుకుంటాయి, మూడు పాతినా మూడింటి ఫలం రాదు. ఎవరైనా పట్టుబట్టి దూరంగా పాతినా, పిట్‌కు వెళ్లే తీగ జానెడు లోతునే ఉంటుంది. దుక్కి దున్నే ట్రాక్టర్ కల్టివేటర్ పళ్లకు అది తట్టడానికి ఒకటి రెండు సీజన్లు చాలు. తెగిన సంగతి డ్రైవరుకూ తెలియదు.

ఇక్కడొక అపోహను పక్కన పెట్టాలి. ఎర్తు అంటే కరెంటును భూమి మింగేస్తుందని చాలామంది అనుకుంటారు. ఎలక్ట్రీషియన్లలో కూడా ఈ నమ్మకం ఉంది. కరెంటును భూమి మింగదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో బయలుదేరిన కరెంటు తిరిగి అదే ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు చేరాలి. మట్టి గుండా వెళ్లినా, తీగ గుండా వెళ్లినా గమ్యం అదే. దారి ఎంత ఇరుకైతే అంత తక్కువ కరెంటు పారుతుంది, ఆ తక్కువ కరెంటుకు ఫ్యూజు కాలదు, ఫ్యూజు కాలనంత సేపు తాకిన వస్తువు మీద వోల్టేజీ అలాగే నిలబడి ఉంటుంది.

బోరు మోటారు స్టార్టర్ డబ్బాను తీసుకుందాం. లోపల వైరు ఒలిచి రేకుకు తగిలింది. డబ్బాకు రైతు ఒక ఇనప కడ్డీతో ఎర్తు ఇచ్చాడు, దాని నిరోధం 30 ఓమ్‌లు. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్తు బాగానే ఉంది, 5 ఓమ్‌లు. 240 వోల్టులు 35 ఓమ్‌ల గుండా తోస్తే పారేది 7 ఆంపియర్లే. అయిదు హార్స్‌పవర్ మోటారు మామూలుగా తీసుకునేదే దాదాపు అంత. ఆ ఫ్యూజు ఎందుకు కాలుతుంది? కాలదు. డబ్బా మీద మాత్రం 200 వోల్టులు దాటి నిలుస్తాయి. తెల్లవారుజామున తడి గట్టు మీద చెప్పుల్లేకుండా వచ్చి స్విచ్ నొక్కిన మనిషికి కావలసినంత. ఎర్తు ఇచ్చాం కదా అన్న ధైర్యం ఎంత బోలుదో ఈ లెక్క చెబుతుంది. దీనికి మందు రెండు రకాలు. డబ్బా బాడీ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ దాకా లోహపు తీగ ఒకటి తిరిగి వెళ్లాలి, అదే బాండింగ్ కండక్టర్. లేదా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపోయే ఆర్‌సీసీబీ ఉండాలి. మన దగ్గర బోర్లకు లాగేది మూడు ఫేజు తీగలే, నాలుగోది చాలాచోట్ల ఉండదు. ఆర్‌సీసీబీ పట్నం ఇళ్లలోనే అరుదు, స్టార్టర్ డబ్బా దగ్గర ఎక్కడ చూస్తాం?

ఇందులో ఇంకో మార్పు కలిసింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒకప్పుడు బోరుకు ఇనప కేసింగు, మోటారుకు జీఐ పైపులు ఉండేవి. నీళ్లలో మునిగిన ఆ ఇనుమంతా తెలియకుండానే మంచి ఎర్తుగా పనిచేసేది. ఇప్పుడు కేసింగు పీవీసీ, మోటారు వేలాడేది నల్ల ప్లాస్టిక్ పైపుకు. తుప్పు పట్టదు, బరువు లేదు, ఇద్దరు మనుషులు లాగి పైకి తీయగలరు. పోయిందల్లా ఎవరూ లెక్కలో వేసుకోని ఆ ఎర్తు.

ఇక నేల విషయం. ఈ ప్రాంతపు మట్టి గజానికో రకం. ఖమ్మం చుట్టూ నల్లరేగడి, ఎర్ర చల్కా కలగలిసి ఉంటాయి, కింద గ్రానైటు. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు వైపు బొగ్గును మోసే గోండ్వానా ఇసుకరాయి పొరలు. భద్రాచలం దగ్గర గోదావరి ఒండ్రు. అడవిలోకి పోయేకొద్దీ గుట్టలు, మొరం, గులకరాయి. ఐఎస్ 3043లో ఉన్న సూత్రం పెట్టి రెండున్నర మీటర్ల పైపు ఎంత నిరోధం చూపుతుందో కడితే, తడి రేగడిలో మూడున్నర ఓమ్‌లు వస్తుంది. మామూలు చల్కాలో 35. ఎండిన మొరంలోనో రాతిపొరలోనో 350. అదే పైపు, అదే కూలి, అదే బిల్లు. చల్కాలో మూడు పైపులు 6 మీటర్ల ఎడంతో పాతి కలిపితే 13 ఓమ్‌ల దగ్గర ఆగుతుంది. మీటరున్నర ఎడంలో కుక్కితే 16 దాకా పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తు 5 ఓమ్‌లు మించరాదని సిబ్బంది చేతి పుస్తకాల్లో ఉండే మాట. రేగడి చేలో అది సులువు, చల్కాలో కష్టం, గుట్ట బోడు మీద ఈ పద్ధతిలో అసాధ్యం. అయినా నేల ఏదైనా నమూనా ఒకటే.

కాలం కూడా లెక్కలోకి రావాలి. ఏప్రిల్, మే నెలల్లో కొత్తగూడెం, భద్రాచలం, ఖమ్మం రాష్ట్రంలోకెల్లా మాడిపోయే చోట్లు. రెండున్నర మీటర్ల లోతులో పై సగం పొడిబారుతుంది. అలా పొడిబారిన నేల మీదికే ఆ నెలల్లో సాయంత్రపు ఉరుముల వానలు వస్తాయి. పిడుగుకు ఎర్తు అవసరమైన రోజునే అది అత్యంత బలహీనంగా ఉంటుందన్నమాట. ఆగస్టులో కొలిస్తే రీడింగు ముద్దొస్తుంది.

ఉప్పు, బొగ్గు సంగతి కొంచెం నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ఉప్పు తేమను పట్టి ఉంచి నిరోధం తగ్గిస్తుంది, నిజమే. ఇసుక నేలలో నాలుగు వానలకు కరిగి కిందికి పోతుంది, అదీ నిజమే. పోతూ పోతూ జీఐ పైపు మీది జింకు పూతను తినేస్తుంది. ఏటేటా ఉప్పు వేసి, వేసవిలో నీళ్లు పోస్తే తప్ప ఆ పిట్ నాలుగైదేళ్లకు మట్టిలో తుప్పు పొడి. ఇప్పుడు మార్కెట్‌లో రాగి పూత కడ్డీలు, బెంటొనైట్ పొడి బస్తాలు మెయింటెనెన్స్ ఫ్రీ అన్న పేరుతో దొరుకుతున్నాయి. 250 మైక్రాన్ల రాగి పూత నిజంగా ఉంటే కడ్డీ మంచిదే, బెంటొనైట్ కూడా ఉప్పుకన్నా నమ్మకమైనది. నాకు అభ్యంతరం ఆ పేరు మీదే. కడ్డీకి తీగను కట్టే క్లాంపు, క్లాంపుకు బోల్టు ఉంటాయి కదా, వాటికి ఏ ఫ్రీ లేదు. పైగా అడవి అంచున రాగి కనబడితే రాత్రికి రాత్రే మాయమవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌నే కిందికి దించి ఆయిల్ పారబోసి కాయిళ్లు ఎత్తుకుపోయే దొంగలున్న చోట రాగి ఎర్తు పెట్టడం పాలికాపు లేని చేలో పంట వదిలేయడమే.

రాతి నేలకు పనికొచ్చే మార్గాలు వేరే ఉన్నాయి. ఒకటి లోతుకు బదులు పొడవు. చల్కాలోనే 20 మీటర్ల జీఐ పట్టీని అర మీటరు లోతు కందకంలో పరిస్తే ఆ సూత్రం ప్రకారం 8 ఓమ్‌లు వస్తుంది, పైపుకు 35 వచ్చిన చోట. బండ తగిలే నేలలో గుంత లోతుగా తవ్వడంకన్నా, లైను వెళ్లే దారి కిందే కందకం తీయడం తేలిక. రెండోది కాంక్రీటు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని అరిజోనాలో మందుగుండు గోదాములను పిడుగుల నుంచి కాపాడే పనిలో హెర్బర్ట్ ఊఫర్ అనే ఇంజనీరు, ఎండు నేలలో ఇనుమును కాంక్రీటులో పొదిగి పాతితే ఎర్తు బాగా పనిచేస్తుందని చూపించాడు. కాంక్రీటు చుట్టూ ఉన్న మట్టి నుంచి తేమ పీల్చి పట్టి ఉంచుకుంటుంది. మన గద్దెలకు ఎలాగూ కాంక్రీటు దిమ్మె పోస్తున్నారు, లోపల ఇనుము ఎలాగూ ఉంటుంది. పోసేటప్పుడే ఆ ఇనుముకు ఒక పట్టీ వెల్డింగ్ చేసి బయటికి తీస్తే అదనపు ఖర్చు ఎంతో ఉండదు. దిమ్మె పోసిన మర్నాడు గుర్తొస్తే మాత్రం చేయగలిగిందేమీ లేదు.

మూడోది న్యూట్రల్‌ను ఎక్కడికక్కడ స్తంభాల దగ్గర భూమికి కట్టడం. మన నిబంధనలు దీన్ని అనుమతిస్తున్నాయి. అమెరికా భద్రతా నియమావళి ఇలాంటి లైన్లలో మైలుకు కనీసం నాలుగు ఎర్తులు ఉండాలంటుంది. చల్కాలో ఒక్కోటి 35 ఓమ్‌లు అనుకుంటే పది స్తంభాలు కలిసి మూడున్నరకు తెస్తాయి. ఒక్క గొప్ప పిట్‌కన్నా పది సామాన్యమైన ఎర్తులు మేలు, ఎందుకంటే రెండు తెగినా ఎనిమిది మిగులుతాయి. మన లైన్లలో కాయిల్ ఎర్తింగ్ ఉంది కదా, 8 నంబరు జీఐ వైరును 50 మిల్లీమీటర్ల వ్యాసంతో 115 చుట్లు చుట్టి స్తంభం పక్కన పాతడం, అది ఇందుకు సరిగ్గా సరిపోయే చౌక సాధనం. దీనిలో ఒక మెలిక ఉంది: న్యూట్రల్ మధ్యలో తెగితే, తెగిన చోటికి అవతల న్యూట్రల్‌కు బాండ్ చేసిన లోహమంతా లేచి కూర్చుంటుంది. కాబట్టి ఇంటి ఇనప బీరువాను, బోరు డబ్బాను ఊరి న్యూట్రల్‌కు నేరుగా కట్టేయడం, పక్కన ఆర్‌సీసీబీ లేకుండా, నేను ఒప్పుకోను.

బాండింగ్ మాట వచ్చింది కనుక, ఈ రంగంలో ఇప్పటికీ తెగని ఒక వాదం చెప్పుకోవాలి. అరెస్టర్ల ఎర్తు వేరుగా ఉండాలా, ట్యాంకుతో కలిపి ఉండాలా? ఆర్‌ఈసీ నమూనా వేరు పిట్ చూపిస్తుంది. మన సిబ్బందిలో పాతవాళ్లు పిడుగు ఎర్తును వేరే దేనితోనూ కలపొద్దని గట్టిగా చెబుతారు. లెక్క మరోలా చెబుతుంది. 5,000 ఆంపియర్ల పిడుగు తరంగం 30 ఓమ్‌ల పిట్‌లోకి దిగితే ఆ తీగ 1,50,000 వోల్టులకు లేస్తుంది. ట్యాంకు తన వేరే పిట్ మీద దాదాపు సున్నాలో కూర్చుని ఉంటుంది. మధ్యలో నలిగేది వైండింగు. 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ తట్టుకునేది 75,000 నుంచి 95,000 వోల్టుల దాకానే. అరెస్టర్ తన పని తాను చేసింది, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం కాలిపోయింది. అరెస్టర్ కింది మొనను ట్యాంకుకు పొట్టి తీగతో కలిపేస్తే రెండూ కలిసి లేస్తాయి, వైండింగు మీద పడేది అరెస్టర్ మిగిల్చిన వోల్టేజీ మాత్రమే. తీగ పొట్టిగా ఉండాలని అంత పట్టు ఎందుకంటే, పిడుగు కరెంటు మైక్రో సెకనుకు 10,000 ఆంపియర్ల చొప్పున లేచేటప్పుడు తీగలో ప్రతి మీటరు మీదా సుమారు 10,000 వోల్టులు అదనంగా పడతాయి. మిగిలిన వైరును కోసెయ్యకుండా అందంగా చుట్ట చుట్టి స్తంభానికి వేలాడదీసిన చోట పిడుగుకు ఆ చుట్టే గోడ.

వేరుగా ఉంచాలనే వాళ్ల భయం ఉత్తది కాదు. ట్యాంకు న్యూట్రల్‌తో కలిసి ఉంటే, పిడుగు దెబ్బకు లేచిన వోల్టేజీ న్యూట్రల్ మీదుగా ఇళ్లలోకి పోతుంది. నా వరకు ట్యాంకుకు బాండింగ్ వైపే మొగ్గు, న్యూట్రల్ ఎర్తు నిజంగా తక్కువ ఓమ్‌లలో ఉందని కొలిచి చూసుకున్న చోట. కొలవని చోట ఏ పక్షం తీసుకున్నా నమ్మకమే తప్ప ఇంజనీరింగ్ కాదు.

దగ్గరికి వెళ్లి చూస్తే తీగ ఎక్కడ తెగుతుందో దాదాపు ఎప్పుడూ ఒకటే చోటు. పైన ట్యాంకు బోల్టు దగ్గర కాదు, కింద పైపు దగ్గరా కాదు. నేల మట్టానికి అంగుళం పైనా కిందా. అక్కడ తేమ, గాలి రెండూ కలుస్తాయి. జింకు తెల్లగా పొడిపొడిగా లేచి, దాని కింద ఎర్ర తుప్పు పొరలు పొరలుగా విడిపోయి ఉంటుంది. చెప్పు మొనతో కదిపితే ఊడొస్తుంది. 4 నంబరు జీఐ వైరు కొత్తగా ఉన్నప్పుడు ఒక సెకను పాటు 2,000 ఆంపియర్లకు పైగా మోయగలదు. తుప్పు తిని లావు సగమైతే మోసే శక్తి పావుకు పడుతుంది. పై చివర మరో జబ్బు: లగ్గు పెట్టి బోల్టు బిగించాల్సిన చోట తీగను ట్యాంకు చెవికి నాలుగు మెలికలు తిప్పి వదిలేయడం, అదీ పెయింటు గీకకుండా. చూపుకు తీగ ఉంది, కరెంటుకు లేదు. నేల మట్టం దగ్గర రెండడుగుల మేర ప్లాస్టిక్ గొట్టం తొడిగి తారు పోస్తే తుప్పు జబ్బు చాలా ఏళ్లు వాయిదా పడుతుంది.

ఇప్పుడు ఎద్దు సంగతికి వద్దాం. ట్యాంకులోనో స్తంభం మీద పగిలిన పింగాణీ గిన్నెలోనో లీకేజీ మొదలై కరెంటు పిట్‌లోకి దిగుతుంటే, పిట్ చుట్టూ నేల మీద వోల్టేజీ దూరానికొకటిగా పరుచుకుంటుంది. దగ్గరలో ఎక్కువ, దూరంగా తక్కువ. మనిషి రెండు పాదాల మధ్య దూరం తక్కువ, పశువు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య మీటరుకు పైగా. పైగా ఆ దారిలో గుండె ఉంది. గిట్టలు తడి నేలలో దిగబడతాయి. అందుకే మనిషి నడిచి పోయిన చోట ఎద్దు పడిపోతుంది. దిమ్మె చుట్టూ పచ్చగడ్డి ఏపుగా పెరగడం, కంచె లేకపోవడం మిగతా పని పూర్తి చేస్తాయి. కంచె వేస్తే అది కూడా లోహమే కనుక దానికీ బాండింగ్ ఇవ్వాలి. ముళ్లకంచె ఒక చివర ఎర్తు తీగకు తగిలి, రెండో చివర వంద గజాల అవతలి గేటుకు తగిలితే, ప్రమాదాన్ని పొలం చివరిదాకా మోసుకుపోయినట్టే.

ఈ అడవుల్లో భూమిలోంచి కరెంటు తిరిగి రావడాన్ని కావాలనే వాడుకునే వాళ్లున్నారు, అడవి పందుల వేటగాళ్లు. 11 కేవీ లైను మీదికి కొండీ వేసి, బైండింగ్ వైరును కర్రల మీద మోకాలెత్తున లాగుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, విద్యుత్ చౌర్యం కింద మరో నేరం. కిన్నెరసాని అభయారణ్యం చుట్టుపక్కలైనా, తెలంగాణలోని మరే అడవిలోనైనా ఇలాంటి తీగలకు చచ్చింది పందులొక్కటే కాదు. పశువులు, పశువుల కాపర్లు, పోడు చేలకు రాత్రి కాపలా పోయినవాళ్లు, కూంబింగ్‌కు వెళ్లిన పోలీసు కూడా. మరి సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ఎందుకు పడదు? భూమికీ ఫేజుకూ మధ్య 6,350 వోల్టులు. ఎండు నేల, శరీరం కలిపి వెయ్యి ఓమ్‌లున్నా పారేది 6 ఆంపియర్ల పైచిలుకు. ఎర్త్ ఫాల్ట్ రిలే పదుల ఆంపియర్లకు గాని కదలదు. గాలివానకు వెదురు పొద విరిగి పడి 11 కేవీ తీగ మొరం నేల మీద తెగిపడినప్పుడు కూడా ఇదే కథ: తీగ నేల మీద ఉంటుంది, లైను చార్జిలోనే ఉంటుంది. గుంతలో పాతిన గొప్ప ఎర్తు దీన్ని ఆపలేదు. రిలే సున్నితత్వం, తొడుగున్న తీగలు, రాత్రి లోడు గ్రాఫు మీద ఓ కన్ను, ఇవి ఆపగలవు.

భూమినే రెండో తీగగా వాడుకోవడం తప్పుడు పనే కానక్కర్లేదు. న్యూజిలాండ్‌లో లాయిడ్ మాండెనో 1925 ప్రాంతంలో ఒకే తీగతో, భూమి మీదుగా తిరిగి వచ్చే లైనును పల్లెల కోసం రూపొందించాడు. ఆస్ట్రేలియాలో ఈనాటికీ ఆ పద్ధతి విస్తారంగా ఉంది. అక్కడ ఎర్తు తెగితే ఇంట్లో దీపం ఆరిపోతుంది. అందుకే దాన్ని ప్రాణంలా చూసుకుంటారు. మన ఏర్పాటులో అది ఆరదు, ఇక్కడి నిర్లక్ష్యానికి సగం కారణం అదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తర్వాత వచ్చిన హెచ్‌వీడీఎస్ పద్ధతి ఎర్తులు చూసుకునే బరువును పెంచింది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసేసి, పొలాల దగ్గరికే 11 కేవీ తీసుకుపోయి 15, 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టారు. లైను నష్టాలు తగ్గాయి, వోల్టేజీ నిలబడింది, కొక్కేలు తగ్గాయి. మంచి ఆలోచనే. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్‌కు మూడు పిట్‌లు చూసుకోలేని వ్యవస్థకు అయిదారు ట్రాన్స్‌ఫార్మర్ల పిట్‌లు అప్పజెప్పింది. లైన్‌మన్ల సంఖ్య ఆ లెక్కన పెరగలేదు.

పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రానికో, మణుగూరు దగ్గరి 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రానికో వెళ్తే స్విచ్‌యార్డు కంకర కింద ఇనప పట్టీలు గళ్లు గళ్లుగా పరిచి, ప్రతి స్తంభానికీ బాండింగ్ ఇచ్చి ఉంటాయి. అక్కడ లక్ష్యం అర ఓమ్. ఎర్తు మ్యాట్‌కు నక్షా ఉంటుంది, పరీక్షల రిజిస్టరు ఉంటుంది. అక్కడ పుట్టిన కరెంటే గుండాల, కరకగూడెం అవతలి కోయ గూడేలకు చేరేసరికి తుప్పు తీగ మీద నిలబడుతుంది. ఆ గూడేలకు లైను వేసేటప్పుడు భూమి సంగతి కూడా ఉంది: అటవీ హక్కుల చట్టం, 2006, మూడో సెక్షన్ ప్రకారం గ్రామసభ సిఫారసుతో హెక్టారులోపు అటవీ భూమిని కరెంటు లైన్లకు ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. స్తంభాలకు అనుమతి అడిగే దరఖాస్తులో ఎర్తు కందకం గురించి కూడా రాస్తే, తర్వాత అటవీ సిబ్బందితో పేచీ ఉండదు. స్తంభాల గుంతలకు మాత్రమే అనుమతి తెచ్చుకుని, కందకం దగ్గర పని ఆగిపోతే, పిట్ మళ్లీ స్తంభం కాళ్ల దగ్గరికే ముడుచుకుంటుంది.

గోదావరి ఒడ్డున సమస్య తలకిందులు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 53కు మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. లోతట్టు ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్లు మునిగాక నీళ్లు తీస్తే ఎర్తు రీడింగు అద్భుతంగా ఉంటుంది. ఒండ్రు, పైగా తడి. చెడిపోయేది జాయింట్లు. క్లాంపుల మధ్య బురద చేరి గట్టిపడుతుంది, అక్కడ తుప్పు మొదలవుతుంది. వరద తర్వాత ట్యాంకు ఆయిల్, బుషింగులు చూసి చార్జి చేసే హడావిడిలో ఎర్తు బోల్టులు విప్పి తోమి మళ్లీ బిగించే ఓపిక ఎవరికుంటుంది?

లైను మీద పనిచేసేవాళ్లకు ఇంకో ఎర్తు కావాలి, తాత్కాలికమైనది. ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకున్నాక పనిచేసే చోటుకు రెండు వైపులా మూడు ఫేజులనూ కలిపి భూమికి కట్టాలి. ఎక్కడో ఒక జనరేటరో ఇన్వర్టరో వెనక నుంచి కరెంటు తోస్తే ప్రాణం నిలిపేది అదే. ఫోను సిగ్నల్ దొరకని గూడేల్లో ఎల్‌సీ ఇచ్చామని, తీసుకున్నామని మాట తప్పుగా వినబడే చోట ఈ గొలుసు విలువ రెట్టింపు. అది సెక్షన్ ఆఫీసు బీరువాలో కాక, స్తంభం ఎక్కే మనిషి సంచిలో ఉండాలి. ఆ మనిషి చాలాసార్లు జీతం పట్టీలో పేరు లేని ప్రైవేటు హెల్పరు.

ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ పొలంబాట పేరుతో సిబ్బందిని చేలకు పంపి, వంగిన స్తంభాలు, వేలాడే తీగలు సరిచేయిస్తోంది. కంటికి కనబడేవి కనుక అవి సరవుతాయి. ఎర్తును చూడాలంటే పరికరం కావాలి. ఫ్రాంక్ వెన్నర్ 1915లో చెప్పిన నాలుగు మేకుల పద్ధతితో నేల నిరోధాన్ని ముందే కొలవొచ్చు. అది తెలిస్తే పైపా, పట్టీయా అన్నది గుంత తవ్వకముందే తేలుతుంది. పాతాక ఎర్తు టెస్టర్‌తో మూడు మేకుల పరీక్ష చేయాలి. కరెంటు మేకును దూరంగా పాతి, వోల్టేజీ మేకును ఆ దూరంలో 62 శాతం దగ్గర పెట్టాలి. 2025 మేలో మొదలైన ఇందిర సౌర గిరి జలవికాసం కింద పోడు పట్టా భూములకు సోలార్ పంపులు వస్తున్నాయి. వాటి ఫ్రేములకూ ఎర్తు కావాలి, అవి కూడా ఇవే గుట్టల మీద, ఇదే మొరంలో. అక్కడైనా కొత్త పిట్‌లను మే నెలలో, బొగ్గు ఉప్పు బిల్లు చేతికివ్వకముందు, పట్టాదారు ఎదుట కొలిచి, ఆ అంకెను తారీఖుతో సహా దిమ్మె మీద పెయింటుతో రాయిస్తే, మరుసటి మేలో కొలిచేవాడికి పోల్చుకోవడానికి ఒక అంకె ఉంటుంది.